అబిలీన్‌లో ఇల్లు కొన్నాం. హద్దులు ఏమి రాశారు?

మా నాన్న ముప్పై నాలుగేళ్ళు దస్తావేజు లేఖరిగా పనిచేశారు. కృష్ణా జిల్లాలో ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, దాని ఎదురుగా వేపచెట్టు, చెట్టు కింద బల్ల, బల్ల మీద స్టాంపు కాగితాల పెట్టె. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన చోటు అదే. 2022 మే నెలలో ఫోను చేసి, అమెరికాలో ఇల్లు కొంటున్నామని చెబితే ఎన్ని గదులని అడగలేదు, ధర ఎంతని అడగలేదు. “లింకు డాక్యుమెంట్లు చూశావా? హద్దులు ఏమి రాశారు?” అన్నారు.

“ఇక్కడ హద్దులు రాయరు నాన్నా.”

“హద్దుల్లేని ఆస్తి ఏమిటిరా?” అని ఫోను అమ్మ చేతిలో పెట్టేశారు.

మేము కొనబోతున్న ఊరు కాన్సాస్ రాష్ట్రంలోని అబిలీన్. పేరు చెప్పగానే మన వాళ్ళందరూ టెక్సాస్ అనుకుంటారు. టెక్సాస్‌లోనూ ఒక అబిలీన్ ఉంది, లక్ష దాటిన నగరం. కానీ అది మా ఊరి పేరు చూసి పెట్టుకున్న పేరు. పిల్లది పెద్దదైపోయి తల్లిని జనం మరిచిపోయిన వరస. మా ఆవిడ ఫార్మసిస్టు. సలైనాలో ఉద్యోగం వస్తే కాన్సాస్ సిటీ పక్కనున్న ఓవర్‌ల్యాండ్ పార్క్ నుంచి ఇటు వచ్చాం. నాది కంప్యూటర్ ముందు కూర్చునే పని, ఎక్కడ కూర్చున్నా ఒకటే. సలైనాలో ఎనిమిది నెలలు అద్దెకుండి, తూర్పున పాతిక మైళ్ళలో ఉన్న అబిలీన్‌లో ఇళ్ళు చూడటం మొదలుపెట్టాం. మా తాహతుకు పెద్ద పెరడున్న పాత ఇల్లు అక్కడే దొరుకుతుందని లెక్క.

కౌంటీని మనం జిల్లా అని తెనిగిస్తాం గానీ ఆ మాట వినగానే మనసులో కదిలే కలెక్టరేటు, బస్టాండు, వైద్య కళాశాల ఇక్కడేవీ ఉండవు. అబిలీన్ కేంద్రంగా ఉన్న డికిన్సన్ కౌంటీ విస్తీర్ణం దాదాపు 850 చదరపు మైళ్ళు. 2020 జనాభా లెక్కల్లో ఆ కౌంటీ మొత్తానికి 18,402 మంది. మన దగ్గర అంతమంది ఒక్క మేజర్ పంచాయతీలో సర్దుకుంటారు. కేంద్రమైన అబిలీన్‌లో 6,460 మంది. ఇలాంటి కౌంటీలు కాన్సాస్‌లో 105 ఉన్నాయి. ప్రతి కౌంటీకీ ఒక కోర్టు భవనం, ఒక షెరిఫ్, పన్నులు వసూలు చేసే ఖజానా అధికారి, దస్తావేజులు నమోదు చేసే రిజిస్టర్ ఆఫ్ డీడ్స్. ఈ చివరి పదవికి నాలుగేళ్ళకోసారి ఎన్నికలు జరుగుతాయని చెబితే మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు. “సబ్ రిజిస్ట్రారుకు ఓట్లా?” అన్నారు చివరికి. ఆయన మనసులో ఎవరెవరు గెలిచేవారో, ఎవరికి డిపాజిట్లు గల్లంతయ్యేవో నాకు తెలియనిది కాదు.

మేము మొదట ఇష్టపడింది వేరే ఇల్లు. చక్కటి వరండా, వెనక పెద్ద ఓక్ చెట్టు, దాని అవతల పల్లంలో సన్నని వాగు. బ్యాంకు వాళ్ళు వరద పటం తీసి చూసి, ఇల్లు వరద ప్రమాద ప్రాంతంలో ఉంది, వరద బీమా తీసుకుంటేనే అప్పు అన్నారు. ఏడాదికి ఒక్క శాతం అవకాశం ఉన్న వరదను దృష్టిలో పెట్టుకుని ఆ పటాలు గీస్తారు. ఒక్క శాతమే కదా అనుకున్నాను. మా ఆవిడ కాగితం తీసుకుని ముప్పై ఏళ్ళ అప్పుకు లెక్కకట్టింది. అప్పు తీరేలోపు కనీసం ఒక్కసారైనా ఇల్లు మునిగే అవకాశం 26 శాతం. “నాలుగో వంతండీ” అంది. బీమా ఖర్చు కూడా కలుపుకుంటే నెల వాయిదా మా చేతికి అందకుండా పోయింది.

ఆ వాగు పేరు మడ్ క్రీక్. బురదవాగు. 1857లో టిమొతీ హెర్సీ అనే ఆయన గుర్రపుబండ్ల మజిలీగా ఇక్కడ గుడిసె వేసినప్పుడు ఊరి పేరు కూడా అదే. 1860లో పేరు మార్చారు. హెర్సీ భార్య బైబిల్ తెరిచి, లూకా సువార్త మూడో అధ్యాయం మొదటి వచనంలో కనబడిన అబిలేనే అనే పేరు పెట్టిందని ఇక్కడ చెప్పుకుంటారు. పచ్చికబయలు అని అర్థమట. మా నాన్నకు ఇదంతా చెబితే, “ఊరి అసలు పేరే బురదవాగు అయితే వరద పటం ఎందుకురా, పేరు చాలదా?” అన్నారు. నిజమే. మన వైపు కుంట, పల్లం, లంక అని పేరున్న చోట స్థలం కొనేవాడు ముందు వానాకాలంలో వెళ్ళి చూసి వస్తాడు.

ఊరికి దక్షిణంగా స్మోకీ హిల్ నది పారుతుంది. బురదవాగు అందులో కలుస్తుంది. ఆ నది తూర్పున జంక్షన్ సిటీ దగ్గర రిపబ్లికన్ నదితో కలిసి కాన్సాస్ నది అవుతుంది, అది కాన్సాస్ సిటీ వద్ద మిస్సోరీ నదిలో పడుతుంది. 1903లోనూ 1951లోనూ ఈ నదీ పరీవాహకమంతా మునిగింది. అబిలీన్‌లో నిలబడి చూస్తే వరద ఎటు నుంచి రావాలో కూడా అర్థం కాదు, నేల అంత చదును. రొట్టెల పీట మీద గోధుమపిండి చల్లినట్టు ఉంటుంది. ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తుగా కనబడేవి ధాన్యం నిలవచేసే తెల్లటి కాంక్రీటు గోపురాలు.

రెండో ఇల్లు రైలు పట్టాలకు దక్షిణం వైపు. 1920ల నాటి చెక్క ఇల్లు, కింద సున్నపురాతి గోడల నేలమాళిగ. టొర్నాడో వస్తే దాక్కోవడానికి అదే చోటు. అమ్ముతున్నావిడకు ఎనభై దాటాయి. భర్త పోయాడు, కూతురు టెక్సాస్‌లో ఉంది, ఇల్లు అమ్మి అక్కడికి వెళ్ళిపోతోంది. ఇంటి పరీక్షకు వచ్చిన మనిషి నేలమాళిగలో ఒక చిన్న పెట్టె పెట్టి రెండు రోజులు ఉంచాడు. భూమిలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువును కొలవడానికట. లీటరు గాలిలో నాలుగు పికోక్యూరీలు దాటితే గొట్టం వేసి బయటికి పంపాలి. కాన్సాస్‌లో ఇళ్ళ అమ్మకం ఒప్పందంలోనే రేడాన్ గురించి హెచ్చరిక ఉంటుంది. మాకు నాలుగు దాటింది. గొట్టం ఖర్చు ఆవిడే పెట్టుకుంది, బేరం లేకుండా.

తరవాత అందరికన్నా ఎక్కువ విసిగించింది విలువ కట్టే మనిషి. బ్యాంకు అప్పు ఇవ్వాలంటే, ఈమధ్య అమ్ముడైన ఇలాంటి ఇళ్ళు మూడు చూపించి మా ఇంటి ధర సరైనదేనని ఆయన రాయాలి. ఆరువేల నాలుగువందల మంది ఉన్న ఊళ్ళో ఏడాదికి ఎన్ని ఇళ్ళు చేతులు మారతాయి? అందులో వందేళ్ళ చెక్క ఇళ్ళు ఎన్ని? పైగా కాన్సాస్‌లో ఇల్లు ఎంతకు అమ్మారో దస్తావేజులో రాయరు. “ఒక డాలరు, ఇతర విలువైన ప్రతిఫలం” అని రాసి ఊరుకుంటారు. అసలు ధర వేరే ఫారంలో నింపి కౌంటీకి ఇస్తారు, అది అందరికీ చూపించేది కాదు. ఈ సంగతి విని మా నాన్న పడీపడీ నవ్వారు. మన దగ్గర స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి కోటి రూపాయల స్థలాన్ని నలభై లక్షలని రాసిన దస్తావేజులు ఆయన చేతుల మీదుగా ఎన్ని వెళ్ళాయో. ఇక్కడ ఆ బాధ లేదు, ఆస్తి బదిలీ మీద రాష్ట్రం పన్నే వేయదు. అయినా ఒక డాలరే రాస్తారు. “దొంగతనం చేయాల్సిన అవసరం లేకపోయినా దొంగలెక్కే రాస్తారన్నమాట” అన్నారు. ఆ విలువ నివేదికకు మూడు వారాలు పట్టింది. ఈలోగా వడ్డీ రేట్లు పెరుగుతూ పోయాయి. ఆ మూడు వారాల నిద్ర నాకు ఇంకా బాకీ.

ఇక దస్తావేజు. ఇక్కడ అమ్మేవారి హక్కును పరిశీలించేది టైటిల్ కంపెనీ. పాత రికార్డులు వెతికి, ఫలానా లోపాలు తప్ప హక్కు బాగానే ఉందని నివేదిక ఇచ్చి, దాని మీద బీమా కూడా రాస్తుంది. రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ కాగితాన్ని నమోదు చేస్తారే తప్ప హక్కుకు హామీ ఇవ్వరు. ఈ విషయంలో మన పద్ధతికీ దీనికీ తేడా లేదు. 1908 నాటి మన రిజిస్ట్రేషన్ చట్టం కూడా దస్తావేజును నమోదు చేస్తుంది, హక్కును కాదు. తేడా అల్లా, మన దగ్గర తరవాత లోపం బయటపడితే కోర్టుకు పోతాం, ఇక్కడ ముందే బీమా కొనుక్కుంటారు.

ఆ నివేదికలో నా పేరు మూడు రకాలుగా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర, డ్రైవింగ్ లైసెన్సులో ఇంటిపేరు ముందు, బ్యాంకులో ఇంటిపేరుకు ఒక్క అక్షరం. ముగ్గురు కొనుగోలుదారులు కనబడుతున్నారని టైటిల్ కంపెనీ అమ్మాయి ఫోను చేసింది. మా ఆవిడ ఇంటిపేరు పుట్టింటిది, అది నాలుగోది. భార్యాభర్తలమేనా అని మర్యాదగా అడిగింది. ఆ ప్రశ్నకు కారణం ఉంది. కాన్సాస్ రాజ్యాంగం ప్రకారం కుటుంబం నివసించే ఇంటిని భార్యాభర్తలిద్దరి సమ్మతి లేకుండా అమ్మడానికి వీలులేదు. అందుకే ఇక్కడి ప్రతి దస్తావేజులోనూ పేరు పక్కన “అవివాహితుడు” అనో “భార్యాభర్తలు” అనో రాస్తారు. చివరికి ఆ ముగ్గురూ నేనొక్కడినేనని నోటరీ ముందు ప్రమాణం చేశాను. “అలియాస్ అని ఒక్క మాట రాస్తే పోయేది” అన్నారు నాన్న. పోయేదే. కానీ ఈ దేశంలో అలియాస్ అనే మాట పోలీసుల కాగితాల్లో ఎక్కువగా కనబడుతుంది.

సంతకాలకు వారం ముందు ఆ పెద్దావిడ మమ్మల్ని కాఫీకి పిలిచింది. వెళ్ళేసరికి బల్ల మీద అట్ట వేసి కుట్టిన లావుపాటి కాగితాల కట్ట ఉంది. పాతకాలంలో ఇల్లు కొన్నవాళ్ళకు ఇచ్చే ఆబ్‌స్ట్రాక్ట్ అది. ఆ నేల మీద జరిగిన ప్రతి లావాదేవీ సారాంశాన్ని మొదటి నుంచీ టైపు చేసి ఒకచోట కుట్టేవారు. టైటిల్ బీమా వచ్చాక దాని అవసరం పోయింది. “నాకెందుకు, ఇది ఇంటితోపాటు ఉండాల్సింది” అని నా చేతిలో పెట్టింది. అంచులు గోధుమరంగుకు తిరిగాయి, తిప్పుతుంటే కాగితం పెళుసుగా చప్పుడు చేస్తోంది. వంద పేజీలకు పైనే. లింకు డాక్యుమెంట్లు చూశావా అని అడిగిన మనిషికి ఆ రాత్రే ఫోటోలు తీసి పంపాను.

అక్కడ తెల్లవారాక మొదలైన ఫోను రెండు గంటలు సాగింది.

నేలను వర్ణించిన తీరు ముందుగా ఆయన్ని పట్టుకుంది. టౌన్‌షిప్ 13 దక్షిణం, రేంజ్ 2 తూర్పు, ఆరో ప్రిన్సిపల్ మెరిడియన్ నుంచి. ఇక్కడ సర్వే వాళ్ళు రెండు గీతలు గీసుకున్నారు. అడ్డగీత కాన్సాస్, నెబ్రాస్కాల మధ్య సరిహద్దైన 40 డిగ్రీల అక్షాంశం. నిలువు గీత ఆ ఆరో మెరిడియన్. అక్కడి నుంచి ఆరు మైళ్ళకొక గడి. మనది అడ్డగీతకు దక్షిణంగా పదమూడో గడి, నిలువు గీతకు తూర్పుగా రెండో గడి. ఒక్కో గడిలో చదరపు మైలు చొప్పున 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌కు 640 ఎకరాలు. గట్టు, చెరువు, శ్మశానం, ఫలానా వారి జామతోట, ఏదీ అక్కరలేదు. ఆకాశంలోంచి గళ్ళ గుడ్డ పరిచినట్టు. ఇప్పటికీ పొలాల మధ్య రోడ్లు మైలుకొకటి చొప్పున తిన్నగా ఉంటాయి.

“దేనితో కొలిచారు?” అన్నారు నాన్న.

“గంటర్ గొలుసు. అరవై ఆరు అడుగులు, వంద లింకులు.”

“అది మన గొలుసేరా!” ఆయన గొంతులో అంత సంతోషం ఈమధ్య వినలేదు. గుంటూరు, కృష్ణాల్లో ఇంగ్లీషువాళ్ళు లాగిన గొలుసే కాన్సాస్ గడ్డిమైదానాల్లోనూ లాగారు. పది చదరపు గొలుసులు ఎకరం, అందులో వందో వంతు సెంటు. మా స్థలం యాభై అడుగులకు నూట యాభై అడుగులు. “పదిహేడు సెంట్ల చిల్లర” అని నోటిలెక్క కట్టేశారు. అప్పటి నుంచి మా ఇల్లు ఆయనకు పదిహేడు సెంట్లే. చదరపు అడుగులు చెబితే వినిపించుకోరు.

కట్టలో మొదటి నమోదు: అమెరికా ప్రభుత్వం నుంచి రైల్వే కంపెనీకి. మా ఇల్లున్నది బేసి సంఖ్య సెక్షన్. రైలుమార్గం వేసే కంపెనీకి పట్టాలకు రెండువైపులా ఇరవై మైళ్ళ మేర బేసి సంఖ్య సెక్షన్లను ప్రభుత్వం ఊరికే ఇచ్చింది. సరి సంఖ్యలవి 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద అయిదేళ్ళు కాపురముండి సాగుచేసినవాడికి దక్కాయి. నాన్న ఆ మొదటి కాగితం చూసి ఆగిపోయారు.

“ప్రభుత్వానికి ఎవరిచ్చారు?”

జమీందారీ పట్టాల దాకా వెళ్ళిన లింకులు చదివిన మనిషి. ఊరికే వదలరు. 1803లో ఫ్రాన్సు దగ్గర కోటిన్నర డాలర్లకు కొన్నారని చెప్పాను. “ఫ్రాన్సువాడు ఇక్కడ సాగు చేశాడా?” లేదు. ఇది కాన్సా తెగ తిరిగిన నేల. కా అని కూడా అంటారు, రాష్ట్రానికి పేరు వాళ్ళదే. 1825 ఒప్పందంలో వాళ్ళ చేత ఈ మైదానాల్లో చాలా భాగం రాయించుకున్నారు. 1846లో మరో ఒప్పందం, కౌన్సిల్ గ్రోవ్ దగ్గర చిన్న భాగానికి పంపారు. 1873లో అక్కడి నుంచి కూడా ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. ఆ కట్టలో ఇదేదీ లేదు. వంద పేజీల్లో వాళ్ళ పేరు ఒక్కసారి కూడా రాదు. “అయితే లింకు తెగింది కదా” అన్నారు నాన్న. టైటిల్ కంపెనీ నివేదికలోని లోపాల జాబితాలో అది లేదని చెప్పాను.

ఆ తరవాతి కాగితాలకు నేను కౌబాయ్‌ల కోసం చూశాను. అబిలీన్ అంటే అదే కదా. 1867లో రైలు వచ్చిన ఏడే జోసెఫ్ మెక్‌కాయ్ అనే వ్యాపారి ఊరి పక్కన 250 ఎకరాలు కొని పశువుల దొడ్లు, డ్రోవర్స్ కాటేజ్ అనే హోటలు కట్టాడు. టెక్సాస్ నుంచి చిషోమ్ దారి వెంట మందలను తోలుకొస్తే ఇక్కడ రైలెక్కించి చికాగోకు పంపొచ్చు. మొదటి ఏడాదే దాదాపు 35,000 పశువులు వెళ్ళాయి. వాటితోపాటు సారా కొట్లు, జూదం, తుపాకులు. ఊళ్ళో పోలీసు పని చూసే మార్షల్ టామ్ స్మిత్‌ను 1870 నవంబరులో చంపేశారు. ఆ తరవాత అదే పదవికి వచ్చిన వైల్డ్ బిల్ హికాక్ 1871 అక్టోబరులో ఫిల్ కో అనే జూదరిని కాల్చి, చీకట్లో పరుగెత్తుకొచ్చిన తన సొంత సహాయకుణ్ణి కూడా పొరపాటున కాల్చేశాడు. డిసెంబరుకల్లా ఊరివాళ్ళు అతన్ని పంపించేశారు. టెక్సాస్ మందల మీద వచ్చిన పిడుదులతో స్థానిక పశువులకు జ్వరం అంటుకుని చచ్చేవి. మీరు ఇంకెక్కడికైనా వెళ్ళండని 1872లో రైతులు పశువుల వ్యాపారులకు నోటీసు పంపారు. మొత్తం అయిదు వేసవులు. ఊరు ఇప్పటికీ ఆ అయిదు వేసవుల పేరు చెప్పి టికెట్లు అమ్ముతుంది. మేము ఇల్లు కొన్న ఏడాది డిసెంబరులో ప్రపంచంలోకెల్లా పెద్ద బెల్టు బకిల్ అంటూ దాదాపు ఇరవై అడుగుల వెడల్పున్న ఒక ఇనప వస్తువును పార్కులో నిలబెట్టారు. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, వాడికి అది తాజ్‌మహల్.

మా కట్టలో మాత్రం కౌబాయ్ ఒక్కడూ లేడు. నేల కొననివాడు కాగితంలో ఎందుకుంటాడు? రైల్వే కంపెనీ దగ్గర కొన్నవాడు పెన్సిల్వేనియా నుంచి వచ్చిన రైతు. 1870ల చివర అక్కడి నుంచి రివర్ బ్రెదరెన్ అనే మత శాఖ వాళ్ళు వందల మంది ఈ కౌంటీకి వలస వచ్చారు. కష్టపడే మనుషులు, తాగరు, తుపాకీ పట్టరు. తరవాతి పేజీలన్నీ తాకట్లు. 1880ల నడుమ భూమి ధరలు వెర్రిగా పెరిగాయి, దశాబ్దం చివర కూలిపోయాయి. మా నేల కూడా ఒక తాకట్టులో పోయి షెరిఫ్ వేలంలో అమ్ముడైంది. ఆ నమోదు అరపేజీ. ఇదే కౌంటీలో హోప్ అనే ఊళ్ళో ఆ రోజుల్లోనే ఒక కొట్టు మూతబడింది. ఆ కొట్టు యజమాని డేవిడ్ ఐసెన్‌హోవర్, రివర్ బ్రెదరెన్ కుటుంబంవాడే. టెక్సాస్ వెళ్ళి, తిరిగొచ్చి అబిలీన్‌లో వెన్న తీసే కర్మాగారంలో మెకానిక్‌గా చేరాడు. పట్టాలకు దక్షిణం వైపు, అంటే పేదల వైపు, మా వైపు, చిన్న తెల్ల ఇంట్లో కొడుకులను పెంచాడు. ఆ కొడుకుల్లో ఒకడు 1909లో ఇక్కడి హైస్కూలు ముగించి, 1911లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి వెళ్ళి, 1953లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆ ఇల్లు అలాగే ఉంది. పక్కనే గ్రంథాలయం, మ్యూజియం, ఆయన సమాధి.

నాకు ఒళ్ళు జలదరించిన పేజీ వేరే ఉంది. 1920ల నాటి ఒక చిన్న నమోదు, పెరట్లో స్తంభం పాతుకుని తీగ లాగే హక్కును యునైటెడ్ టెలిఫోన్ కంపెనీకి ఇస్తున్నట్టు. టైటిల్ నివేదికలోనూ అది ఉంది, ఈనాటికీ చెల్లుతుంది. ఈ ఊళ్ళోనే క్లేసన్ బ్రౌన్ అనే ఆయన, చిన్నప్పుడే ఒక చేయి పోయినవాడు, 1899లో బ్రౌన్ టెలిఫోన్ కంపెనీ పెట్టాడు. అది పెరిగి యునైటెడ్ అయింది, చాలా ఏళ్ళకు స్ప్రింట్ అయింది, 2020 ఏప్రిల్‌లో టీ-మొబైల్‌లో కలిసింది. ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఆ స్ప్రింట్ ఆవరణలో నేను ఆరేళ్ళు కాంట్రాక్టు మీద పనిచేశాను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నాలుగు బల్లలు దాటితే మూడింటి దగ్గర తెలుగు వినబడేది. నాతోపాటు ఎంతమంది గోదావరి, పాలమూరు, కడప పిల్లలకు ఆ కంపెనీ అన్నం పెట్టిందో. దాని వేరు నేను కొంటున్న పెరట్లో స్తంభంగా పాతి ఉందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు.

జులై రెండో వారంలో సంతకాలు. గోధుమ కోతలు అప్పుడే ముగిశాయి, ఊరంతా పొట్టు వాసన. గంటసేపు సంతకాలు పెట్టాం. ప్రతి కాగితం మీదా పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాయాలని టైటిల్ కంపెనీ అమ్మాయి పక్కనే కూర్చుని వేలితో చూపించింది. పెద్దావిడ వేరే గదిలో తన సంతకాలు చేసి, తాళంచెవులు కవరులో పెట్టి, కవరు మీద “బేస్‌మెంట్ తలుపు ఎత్తి తొయ్యాలి” అని రాసి వెళ్ళింది. నమోదు పని మేము లేకుండానే అయిపోతుందన్నారు గానీ నేను కోర్టు భవనానికి వెళ్ళాను. మా నాన్న కొడుకును కదా. కౌంటర్ దగ్గర నేను తప్ప ఎవరూ లేరు. మొదటి పేజీకి 21 డాలర్లు, తరవాతి పేజీకి 17. ఆమె కాగితాన్ని స్కానర్ మీద పెట్టి, పుస్తకం సంఖ్య, పేజీ సంఖ్య పడిన ముద్ర చూపించింది. వేలిముద్రలు లేవు, సాక్షులు లేరు, ఫోటోలు లేవు, టీ తెచ్చే కుర్రాడు లేడు. పావుగంట.

పన్ను బిల్లు నవంబరులో వచ్చింది. ఇంటి విలువలో 11.5 శాతాన్ని లెక్కలోకి తీసుకుని, దాని మీద వెయ్యికి ఇన్ని డాలర్లని కౌంటీ, పట్టణం, బడి వేరువేరుగా వేస్తాయి. సగం డిసెంబరు 20కి, సగం మే 10కి కట్టాలి. బడి వాటా చూసినప్పుడు జనాభా లెక్క గుర్తొచ్చింది. 2010లో అబిలీన్‌లో 6,844 మంది, పదేళ్ళ తరవాత 6,460. కౌంటీ మొత్తంలో 19,754 నుంచి 18,402కు. కార్ఖానాలు లేక కాదు. చాక్లెట్ ఫ్యాక్టరీ ఉంది. పరుగుపందాల గ్రేహౌండ్ కుక్కల జాతీయ సంఘం ఇక్కడే ఉంది. కానీ హైస్కూలు అయ్యాక పిల్లలు వెళ్ళిపోతారు, పెద్దవాళ్ళు వాళ్ళ వెనక వెళ్తారు. మేము ముగ్గురం వచ్చాం, ఒకావిడ వెళ్ళింది. ఆ ఏడాది మా వీధి వరకు ఊరు పెరిగినట్టే. కూరగాయలకు, కరివేపాకుకు మాన్‌హటన్ వెళ్తాం. న్యూయార్కుది కాదు, ఇక్కడికి నలభై మైళ్ళకు పైన విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. గుడికి కాన్సాస్ సిటీ పక్కనున్న షానీ వెళ్ళాలంటే రెండు గంటల పైనే ప్రయాణం.

దీపావళి నాడు నాన్న వీడియోలో ఇల్లంతా తిప్పి చూపించమన్నారు. చూశాక, “ఇప్పుడైనా హద్దులు రాద్దాం, కాగితం తీసుకో” అన్నారు. ఆబ్‌స్ట్రాక్ట్ చివరి పేజీ వెనక పెన్సిల్‌తో రాశాను. ఆయన వరస ప్రకారమే చెప్పారు. తూర్పు: ఉత్తరాలు పంచి రిటైరైన పెద్దాయన ఇల్లు. దక్షిణం: వీధి. పడమర: సందు, టెలిఫోను స్తంభం. ఉత్తరం?

“ఉత్తరం ఖాళీ నాన్నా. ఇల్లు ఉండేదట, పడగొట్టేశారు. గడ్డి ఉంది అంతే.”

“ఖాళీ అని రాయకూడదురా. ఖాళీ స్థలం అయినా ఎవరో ఒకరిది అవుతుంది. పేరు కనుక్కుని రాయి.”

ఆ గీత దగ్గర పెన్సిల్ ఆపి, సోమవారం మధ్యాహ్నం మళ్ళీ కోర్టు భవనానికి వెళ్ళాను.